పేగు పూత జబ్బు: నెల్లూరు, ఒంగోలు వైపు మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నేను కావలి దగ్గర ఒక బడిలో టీచర్‌ని. నాకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపల పూతపూసే జబ్బు, ఉందని తేలి పదకొండేళ్లయింది. తెలిసినవాళ్ల ద్వారా నంబరు తీసుకుని ఉదయగిరి నుంచి, కందుకూరు నుంచి, కనిగిరి నుంచి ఫోన్లు చేస్తుంటారు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, తర్వాత గొంతు బాగా తగ్గించి, "మేడమ్, రక్తం పడుతోంది. మీకూ ఇట్టాగే ఉండేదా?" అని అడుగుతారు. మొగుడికి చెప్పని ఆడవాళ్లున్నారు, అమ్మకు చెప్పని కాలేజీ పిల్లలున్నారు. అడిగేవి మాత్రం దాదాపు అవే ప్రశ్నలు. అందుకే రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాదు. ఇందులో ఉన్నవి నా డాక్టర్ల దగ్గర నేర్చుకున్నవీ, చదివి సరిచూసుకున్నవీ. మీకు ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరే చెప్పాలి. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికే వెళ్లండి.

## ఇంకా పేరు తెలియనప్పుడు

దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడుతోంది. మొలలే కదా, డాక్టర్ దాకా ఎందుకు?

మొలలైతే మామూలుగా మలం గట్టిగా వచ్చి, చివర్లో ఎర్రటి చుక్కలు పడతాయి. రక్తం జిగురుతో కలిసి వస్తున్నా, రోజుకు నాలుగైదుసార్లు పరిగెత్తాల్సి వస్తున్నా, వెళ్లొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపిస్తున్నా, రాత్రి నిద్రలోంచి లేవాల్సి వస్తున్నా అది లోపల పేగు సంగతి కావచ్చు. నేను దాదాపు రెండేళ్లు మొలల మందు మింగాను. చూపించుకున్న మొదటిచోట పైపైన చూసి, "ఒళ్లు వేడి చేసిందమ్మా, సబ్జా గింజలు నానేసుకుని తాగు" అన్నారు. తాగాను. చివరికి ఎనిమిదో తరగతి పిల్లల ముందు బోర్డు మీద రాస్తూ రాస్తూ కళ్లు తిరిగి పడిపోయాను. అప్పుడు రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7 ఉంది. రెండు మూడు వారాలు దాటినా రక్తం ఆగకపోతే మొలలని మీకు మీరే పేరు పెట్టుకోకండి. మొలలున్న మనిషికి పేగు పూత కూడా ఉండొచ్చు.

అమీబా అని మెట్రోజిల్ ఇచ్చారు. వాడితే తగ్గి మళ్లీ వస్తోంది. ఇంకో కోర్సు వాడమంటారా?

కలుషితమైన నీళ్ల వల్లో, తిండి వల్లో వచ్చిన విరేచనాలు చాలావరకు వారం, పది రోజుల్లో సర్దుకుంటాయి. మూడోసారీ అదే గోళీ అంటే, పరీక్ష లేకుండా వేసుకోవద్దు. మల పరీక్ష చేయించి, గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు, అంటే కడుపు, పేగుల డాక్టర్‌కు చూపించండి. నెల్లూరులో, ఒంగోలులో ఆ డాక్టర్లు ఉన్నారు, దీనికోసం మొదటే చెన్నై పరిగెత్తక్కర్లేదు.

ఒకరు ఐబీఎస్ అన్నారు, ఇంకొకరు ఐబీడీ అన్నారు. రెండూ ఒకటేనా?

కాదు. ఐబీఎస్‌లో పేగు పనితీరు తేడాగా ఉంటుంది గానీ లోపల పుండు ఉండదు, రక్తం పడదు. బాధ మాత్రం నిజమైనదే. ఐబీడీలో, అంటే ఈ పేగు పూత జబ్బులో, పేగు లోపలి గోడ వాచి, పూతపూసి, పుండ్లు పడతాయి. రక్తం, జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే దాన్ని ఐబీఎస్ అని వదిలేయకూడదు.

మా వాడికి పన్నెండేళ్లు. రక్తం లేదు, కడుపునొప్పి అంటాడు, తోటి పిల్లల్లా ఎదగడం లేదు. ఇది కూడా అదేనా?

కావచ్చు, కాకపోనూవచ్చు. పిల్లల్లో క్రోన్స్ జబ్బు, అంటే పేగు పూతలోనే ఇంకో రకం, కొన్నిసార్లు విరేచనాలు లేకుండానే, ఎత్తు పెరగకపోవడంతోనే బయటపడుతుంది. బడిలో ఏటా తీసే ఎత్తూ బరువూ అడిగి తీసుకుని డాక్టర్‌కు చూపించండి. ఆ రెండు అంకెలు మీరు చెప్పే పది మాటలకన్నా ఎక్కువ చెబుతాయి.

## పరీక్షల దశలో

కొలనోస్కోపీ అంటే భయంగా ఉంది. నిజంగా ఎట్టా ఉంటుంది?

మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి పెద్దపేగు లోపల చూస్తారు. కష్టమంతా ముందురోజే. పేగు కడగడానికి ఒక పొడి ఇస్తారు, నీళ్లలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. ఉప్పగా, జిడ్డుగా, కాస్త నిమ్మకాయ వాసనతో ఉంటుంది. చల్లగా చేసి, మధ్యమధ్య పలుచటి కొబ్బరినీళ్లు పుక్కిలిస్తూ తాగితే దిగుతుంది. ఆ సాయంత్రం బాత్రూమ్ పక్కనే కుర్చీ వేసుకోండి, మెత్తటి పాత బట్టా కొబ్బరినూనె సీసా దగ్గర పెట్టుకోండి. కాగితంతో తుడిస్తే ఒరుసుకుపోతుంది. చివరికి లేత పసుపు నీళ్లలా వస్తే పేగు శుభ్రమైనట్టు.

మర్నాడు మత్తు సూది ఇస్తే ఏమీ తెలియదు. నాకు సగం మెలకువ ఉంది. డాక్టర్ గారు తెర వైపు చూపించారు. సైకిల్ మీంచి పడి మోకాలు గీరుకుపోతే ఎట్లా ఉంటుందో, నా పేగు లోపల అట్లా ఉంది. ఎర్రగా, తడిగా, తాకితే నెత్తురు చెమ్మ. రెండేళ్ల తర్వాత మొదటిసారి, నాది ఒట్టి భయం కాదని తెలిసి అక్కడే ఏడ్చాను. మత్తు తీసుకుంటే ఆరోజు బండి నడపకూడదు, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

బయాప్సీ తీశారు. క్యాన్సరేమోనని అనుమానమా?

ఈ జబ్బు అనుమానం ఉన్న ప్రతి ఒక్కరికీ ముక్క తీస్తారు. వాపు ఏ రకందో, టీబీ ఉందో లేదో తేల్చడానికి అది కావాలి. తీసేటప్పుడు నొప్పి తెలియదు.

మలం పరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ అని రాశారు. అదేంటి?

పేగులో వాపు ఉంటే మలంలో పెరిగే ఒక ప్రోటీన్. అది బాగా ఎక్కువుంటే లోపల వాపు ఉన్నట్టు. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి కూడా, ప్రతిసారీ కొలనోస్కోపీ చేయకుండా, దీన్ని వాడతారు. ఖరీదు కాస్త ఎక్కువే.

క్రోన్స్ అయినా కావచ్చు, టీబీ అయినా కావచ్చు అంటున్నారు. ముందు టీబీ మందులు వాడి చూద్దామన్నారు. డాక్టర్‌కు తెలియకేనా?

కాదండీ. పేగు టీబీ, క్రోన్స్ జబ్బు ఒకే చోట, చిన్నపేగు పెద్దపేగును కలిసే దగ్గర, ఒకేలా పుండ్లు పెడతాయి. నొప్పి, జ్వరం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఎంత పెద్ద డాక్టర్‌కైనా ఇది చిక్కు ప్రశ్నే. పొరపాటున టీబీ ఉన్నవాళ్లకు క్రోన్స్ అని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. అందుకని తేలనప్పుడు ముందు టీబీ మందులు ఇచ్చి చూడటం మన దేశంలో ఉన్న పద్ధతే.

కాకపోతే ఒక జాగ్రత్త. రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానుతున్నాయో లేదో చూడాలి. ఒంట్లో కాస్త తేలికగా ఉందని ఆ పరీక్ష మానేసి, ఆరు నెలలు, తొమ్మిది నెలలు మందులు మింగుతూ పోయినవాళ్లు నాకు తెలుసు. ఈలోపు క్రోన్స్ ముదిరి పేగు సన్నబడిపోయింది. "మళ్లీ ఎప్పుడు చూస్తారు సార్?" అని మొదటిరోజే అడిగి తేదీ రాయించుకోండి.

## పేరు తెలిశాక

అసలు ఇదేం జబ్బు? రెండు పేర్లెందుకు?

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి మన పేగు మీదే దాడి చేస్తుంది. ఆ దాడి పెద్దపేగు లోపలి పొరకే పరిమితమై, మలద్వారం దగ్గర మొదలై ఎడతెగకుండా పైకి పాకితే అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా, మధ్యమధ్య వదిలేస్తూ, పేగు గోడ మందమంతా లోతుగా వస్తే క్రోన్స్. న్యూయార్క్ డాక్టర్ బరిల్ క్రోన్, ఆయన సహచరులు 1932లో దాన్ని వివరించారు కాబట్టి ఆ పేరు. రెంటినీ కలిపి ఐబీడీ అంటారు.

కారం ఎక్కువ తిన్నందుకే వచ్చిందా? టెన్షన్ వల్లా?

రెండూ కాదు. మన జిల్లాల్లో అందరూ కారం తింటారు, అందరికీ ఈ జబ్బు రాదు. పుట్టుకతో వచ్చిన జన్యువులు, పేగులో ఉండే సూక్ష్మజీవుల తేడా, మారిన తిండి, వాతావరణం కలిసి తెచ్చిపెడతాయని అంటారు, ఫలానా ఒక్కటే కారణమని ఇంకా తేలలేదు. టెన్షన్ జబ్బును పుట్టించదు గానీ ఉన్న జబ్బును రేపగలదు. దిష్టీ కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. మీరు చేసిన తప్పు ఇందులో ఏదీ లేదు.

అంటుకుంటుందా? కంచం, గ్లాసు వేరే పెట్టాలా?

అంటుకోదు. వేరే పెట్టొద్దు.

మనవైపు ఇంకెవరికీ విన్నట్టు లేదే. ఒక్కదాన్నేనా?

విననిది లేక కాదు, చెప్పక. పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఒకటి 2003లో అచ్చయింది. లక్ష మందిలో సుమారు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్టు తేలింది. అదే లెక్క మన దగ్గరా ఉంటే, ఒక్క కావలి ఊళ్లోనే నలభై మంది ఉండాలి. నాకు తెలిసింది ముగ్గురు. మిగతావాళ్లు ఏ గోళీ వేసుకుంటూ, ఎవరికీ చెప్పకుండా ఉన్నారోనని నాకు దిగులు. ఎక్కువగా పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల మధ్య మొదలవుతుంది, అంటే చదువూ పెళ్లీ ఉద్యోగమూ ఉండే వయసులో.

పూర్తిగా తగ్గిపోతుందా?

జబ్బును వేళ్లతో పీకేసే మందు ఇంకా లేదు. కానీ పుండ్లు మాని, రక్తం ఆగి, ఏళ్ల తరబడి మామూలు మనిషిలా ఉండటం చాలామందికి సాధ్యమే. దాన్ని రెమిషన్ అంటారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మందుతో బతుకుతున్నట్టే ఇదీ.

## మందులు

మూడు నెలలుగా బాగుంది. మందు ఆపేశాను. తప్పా?

ఫోన్లలో నేను ఎక్కువగా వినేది ఇదే. నేనూ చేశాను. మొదటిసారి రెమిషన్ వచ్చాక, 'ఇన్ని మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయి' అని ఎవరో అన్న మాట పట్టుకుని మెసలమైన్ ఆపేశాను. నాలుగో నెలలో, అన్నకూతురి పెళ్లిలో, తలంబ్రాలు పోసే వేళకు పట్టుచీర మీద రక్తం. మళ్లీ మొదటికి వచ్చి, మళ్లీ స్టెరాయిడ్ మొదలుపెట్టి, కుదుటపడటానికి ఏడాది పట్టింది.

బాగుందంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. మెసలమైన్ చాలామందికి ఏళ్ల తరబడి ఇచ్చే మందు. అది కిడ్నీని ఇబ్బందిపెట్టడం అరుదు, అందుకే అప్పుడప్పుడూ క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. భయముంటే ఆ పరీక్ష అడగండి, మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఎనిమా రోజూ పెట్టుకోమన్నారు. సిగ్గుగా ఉంది. మాత్ర సరిపోదా?

మలద్వారం దగ్గరి పూతకు కింద నుంచి పెట్టే మందు మాత్రకన్నా బాగా అందుతుంది. రాత్రి పడుకునే ముందు, ఒకసారి బాత్రూమ్‌కు వెళ్లొచ్చి, కింద పాత టవల్ పరుచుకుని, ఎడమవైపు తిరిగి పడుకుని పెట్టుకోండి. సీసాను ముందుగా చేతుల మధ్య కాసేపు రుద్ది వెచ్చబరిస్తే లోపల చల్లగా తగలదు. మొదటి రెండు మూడు రోజులు నిలవకపోవచ్చు, వారానికి అలవాటవుతుంది.

స్టెరాయిడ్ అంటే భయం. ముఖం ఉబ్బుతుందట కదా?

ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, షుగర్ పెరగొచ్చు, నిద్ర పట్టదు, మొటిమలొస్తాయి. మోతాదు తగ్గాక చాలావరకు పోతాయి. మంట బాగా రేగినప్పుడు దాన్ని ఆర్పడానికి స్టెరాయిడ్ మంచి మందే, కానీ నెలల తరబడి దాని మీదే బతకకూడదు. ఎముకలు గుల్లబారతాయి. హఠాత్తుగా ఆపడం ఇంకా ప్రమాదం. డాక్టర్ రాసిచ్చిన లెక్క ప్రకారం వారం వారం తగ్గించాలి. పాత చీటీ పట్టుకెళ్లి మెడికల్ షాపులో మీరే మళ్లీ కొనుక్కుంటుంటే, జబ్బు అదుపులో లేదన్నమాట. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి.

అజాథయోప్రిన్ మొదలుపెట్టిన నెలలోపే జుట్టు గుత్తులుగా ఊడుతోంది. అలవాటవుతుందా?

అలవాటవుతుందని ఎదురుచూడొద్దు. ఈరోజే డాక్టర్‌కు ఫోన్ చేసి రక్తకణాల పరీక్ష చేయించండి. మన భారతీయుల్లో కొందరికి ఉండే ఒక జన్యుతేడా వల్ల, పేగు మీద దాడిని అణచే ఈ మందు తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. అట్లా ఒక్కసారిగా జుట్టు ఊడటం దానికి తొలి గుర్తు కావచ్చు. అందుకే మొదట్లో తరచుగా రక్తపరీక్షలు చేయిస్తారు, అవి మానకూడదు. ఇంట్లో గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లనొప్పి) కోసం అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ వాడేవాళ్లుంటే ఆ మాత్ర పొరపాటున కూడా వేసుకోవద్దు, రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

బయోలాజిక్ సూది రాశారు. అంటే కేసు చేయిదాటిపోయిందా?

లేదు. మామూలు మందులకు లొంగని జబ్బుకు అది తర్వాతి మెట్టు, కొందరికి మొదటే ఇస్తే మేలు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ సెలైన్‌లా ఎక్కిస్తారు, మొదట 0, 2, 6 వారాలకు, తర్వాత ఎనిమిది వారాలకొకసారి. అడాలిముమాబ్ చర్మం కింద సూది, సాధారణంగా రెండు వారాలకొకటి, ఇంట్లోనే వేసుకోవచ్చు. టోఫాసిటినిబ్ అనే మాత్ర కూడా ఉంది. దేనికైనా ముందు ఛాతీ ఎక్స్‌రే, నిద్రాణంగా ఉన్న టీబీకి పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. "టీబీ టెస్టు చేశారా?" అని మీరే అడగండి.

మోకాళ్లు నొప్పిగా ఉంటే డైక్లోఫెనాక్ వేసుకోవచ్చా?

వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ లాంటివి పేగు పూతను రేపగలవు. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ వాడుకోవచ్చు. ఇంకో సంగతి, మీ కీళ్లనొప్పి ఈ జబ్బులో భాగమే కావచ్చు. నోటిపూత, కాళ్ల మీద ఎర్రటి నొప్పి గడ్డలు, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం కూడా అంతే. కన్ను నొప్పిగా ఎర్రబడితే అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించండి.

మా బంధువుల్లో ఒకాయన పసరు మందుతో తగ్గించుకున్నాడట. వెళ్లమంటారా?

ఈ జబ్బు తనంతట తాను కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తుంది. తగ్గిన వారంలో ఏది తాగితే దానికే పేరు వస్తుంది. పేరు చెప్పని పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండే ప్రమాదమూ ఉంది. వెళ్లాలని మనసు లాగితే వెళ్లండి, మిమ్మల్ని తిట్టను. కానీ నడుస్తున్న మందు ఆపకండి, ఏం తాగారో డాక్టర్ దగ్గర దాచకండి.

ఏ పరిస్థితిలో తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి?

రోజుకు ఆరు అంతకన్నా ఎక్కువసార్లు రక్తంతో విరేచనాలు అవుతూ, దానితో పాటు 100 డిగ్రీల జ్వరం గానీ, కూర్చుని ఉన్నా 90 దాటిన నాడి గానీ ఉంటే. కడుపు ఉబ్బి రాయిలా గట్టిపడితే. వాంతులవుతూ గాలి కూడా పోకపోతే. మలద్వారం పక్కన గడ్డ లేచి జ్వరమొస్తే. ఒక కాలు పిక్క వాచి నొప్పి పెడితే, ఎందుకంటే జబ్బు రేగినప్పుడు నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. 'ఈ రాత్రికి ఓఆర్ఎస్ తాగి చూద్దాం' అనుకునే రోజులు కావవి.

## తిండి

ఇక జన్మలో చేపల పులుసు తినకూడదా?

తినొచ్చు! నెల్లూరు మనిషికి ఇంతకంటే పెద్ద బెంగ లేదని నాకు తెలుసు. ఐబీడీకి అందరికీ ఒకటే పథ్యం అంటూ లేదు. జబ్బు రేగి ఉన్నప్పుడు కారం, మసాలా, పీచు, వేపుళ్లు తగ్గించి మెత్తటి అన్నం, పెసరకట్టు, ఉడికించిన సొరకాయ, గుడ్డు, అరటిపండు లాంటివి తినండి. సద్దుమణిగాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టండి. నేను చేపల పులుసులో కారం సగానికి తగ్గిస్తాను, మామిడికాయ మాత్రం మానను. గోంగూర నాకు పడదు, ఒంగోలులో ఉన్న నా స్నేహితురాలికి హాయిగా పడుతుంది. చిన్న నోటుబుక్కులో ఏం తిన్నానో, ఎన్నిసార్లు వెళ్లానో మూడు నెలలు రాసుకున్నాను. అంతకన్నా మంచి పథ్యం చీటీ నాకు ఎవరూ ఇవ్వలేదు.

క్రోన్స్‌తో పేగు సన్నబడినవాళ్లు మాత్రం పనసతొనలు, మునక్కాడ పిప్పి, బత్తాయి పిప్పి, మొక్కజొన్న గింజల లాంటివాటి విషయంలో డాక్టర్ని అడగాలి. అవి అక్కడ అడ్డుపడగలవు.

భయంతో అన్నీ మానేసి, మజ్జిగన్నం మీదే బతికి, నలభై కిలోలకు వచ్చినవాళ్లను చూశాను. కండ కరిగితే మందు కూడా సరిగా పనిచేయదు. చేప, గుడ్డు, పప్పు ఏ రూపంలోనైనా పోనివ్వండి.

పాలు మానాలా?

పాలు తాగితే ఉబ్బరం, విరేచనం అయ్యేవాళ్లు మానొచ్చు. పడినవాళ్లు మానక్కర్లేదు. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి.

ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లగా వస్తోంది. లోపల రక్తమా?

ఐరన్‌కు మలం నల్లబడుతుంది. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం చూపించండి. జబ్బు రేగి ఉన్నప్పుడు ఐరన్ మాత్రలు సరిగా ఒంటబట్టవు, కడుపునూ కలచివేస్తాయి. అప్పుడు నరానికి ఎక్కించే ఐరన్ మేలు. చిన్నపేగు చివరి భాగం చెడినవాళ్లకు, కోసి తీసేసినవాళ్లకు బి12 సూదులు కూడా కావాల్సి రావచ్చు.

కార్తీక సోమవారాలు, రంజాన్ రోజాలు ఉండొచ్చా?

రెమిషన్‌లో ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి, మందు వేళలు మార్చుకుని ఉండగలుగుతున్నారు. రక్తం పడుతున్నప్పుడు, స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు వద్దు. నేను అభిషేకం చేయించి, పళ్లు తిని, మందు వేసుకుంటాను.

మా నాయనకు క్రోన్స్. చుట్ట మానడు. ఏం చెప్పాలి?

పొగాకు పండే నేల మనది, చుట్ట తప్పని చెబితే వినేవాళ్లు తక్కువ. అయినా చెప్పండి. పొగ క్రోన్స్‌ను మరింత రేపుతుంది, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు మళ్లీ జబ్బు తెచ్చిపెడుతుంది. మానేస్తే ఒక మందు అదనంగా వేసుకున్నంత మేలు.

## బయటికి వెళ్లాలంటే

బస్సెక్కాలంటే భయం. ఎట్టా?

వీలైనచోట రైలు ఎక్కండి. చెన్నై వెళ్లాలంటే నేను పినాకిని ఎక్స్‌ప్రెస్‌లోనే వెళ్తాను, పెట్టె చివర బాత్రూమ్ ఉందన్న ధైర్యానికే సగం కడుపునొప్పి పోతుంది. బస్సు తప్పకపోతే ఎక్కగానే కండక్టర్‌తో "అన్నా, నాకు పేగు జబ్బుంది, మధ్యలో ఆపమంటే కాస్త ఆపాలి" అని ముందే చెప్పేస్తాను. ఇన్నేళ్లలో కాదన్నవాళ్లు ఇద్దరే. చిన్న సంచిలో ఒక జత బట్టలు, నల్ల కవరు, సబ్బు ముక్క, నీళ్ల సీసా, ఆరోజు మందు. హైవే మీద ఏ పెట్రోలు బంకులో బాత్రూమ్ శుభ్రంగా ఉంటుందో నాకు కంఠతా వచ్చు.

బడిలో, ఆఫీసులో చెప్పాలా?

అందరికీ అక్కర్లేదు, ఒక్కరికి చెప్పండి. మా హెడ్మాస్టరు గారికి కాగితం మీద రాసి ఇచ్చాను, నోటితో చెప్పలేక. ఆయన చదివి, స్టాఫ్ బాత్రూమ్ తాళంచెవి ఒకటి నాకు ఇప్పించారు. అంతే, ఒక్క మాటా అనలేదు. పిల్లలుంటే క్లాసు టీచర్‌కు చెప్పండి, 'అడక్కుండా బయటికి వెళ్లొచ్చు' అన్న ఒక్క అనుమతి చాలు. టీచర్లకూ ఒక మనవి, రెండుసార్లు అడిగిన పిల్లను "ఇందాకే వెళ్లావు కదా" అని అందరి ముందూ అనకండి.

వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఐబీడీ లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

## పెళ్లి, పిల్లలు

సంబంధాలు చూస్తున్నారు. చెప్పాలా, దాచాలా?

చెప్పాలి. రోజూ మందు వేసుకునే జబ్బు దాగదు, దాచినందుకు పడే మాట జబ్బుకన్నా నొప్పి పెడుతుంది. రెండువైపులా పెద్దలు మాట్లాడుకునే ముందే, అబ్బాయీ అమ్మాయీ నేరుగా మాట్లాడుకోవడం మంచిది. వెనక్కి వెళ్లిపోయిన సంబంధాలు నాకు రెండున్నాయి. మూడో ఆయన, "సరే, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను" అన్నారు.

పిల్లలు పుడతారా? పిల్లలకు వస్తుందా?

పుడతారు. కనీసం మూడు నుంచి ఆరు నెలలు జబ్బు నిమ్మళంగా ఉన్నాక గర్భం దాలిస్తే తల్లికీ బిడ్డకూ మేలు. గర్భంతో ఉన్నామని భయపడి మందులు ఆపేస్తే, ఆ రేగిన జబ్బే బిడ్డకు ఎక్కువ చేటు. మెసలమైన్ మామూలుగా కొనసాగిస్తారు. మెథోట్రెక్సేట్ మాత్రం గర్భానికి నెలల ముందే ఆపాలి, టోఫాసిటినిబ్ కూడా పనికిరాదు. మగవాళ్లలో సల్ఫాసలజైన్ వీర్యకణాలను తగ్గిస్తుంది, మందు మారిస్తే మళ్లీ మామూలవుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే, నూటికి తొంభై మందికి పైగా పిల్లలకు రాదు.

గర్భంతో ఉండగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి సూదులు తీసుకున్న తల్లులు కాన్పు కాకముందే పిల్లల డాక్టర్‌కు ఆ సంగతి చెప్పాలి. మన దగ్గర పుట్టగానే వేసే బీసీజీ టీకాను అలాంటి బిడ్డలకు కొన్ని నెలలు వాయిదా వేస్తారు.

## ఏళ్లు గడిచాక

పెద్దపేగు క్యాన్సర్ వస్తుందని విన్నాను. నిజమేనా?

ముప్పు కొంచెం ఎక్కువ, అందరికీ కాదు. పెద్దపేగులో ఎక్కువ భాగం పూత ఉండి, ఏళ్లు గడిచినవాళ్లకు పెరుగుతుంది. అందుకని లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్లకు, కడుపు ఎంత బాగున్నా సరే, కొలనోస్కోపీ చేయించి, తర్వాత డాక్టర్ చెప్పిన వ్యవధిలో చేయిస్తూ ఉండాలి. లివర్‌లోని పైత్యనాళాలు కూడా చెడినవాళ్లకు ఏటా చేస్తారు.

ఆపరేషన్ అన్నారు. సంచీతో బతకాలా?

అందరికీ సంచీ ఉండదు. కొలైటిస్‌లో పెద్దపేగు మొత్తం తీసేసి, చిన్నపేగు చివరతోనే లోపల తిత్తిలా కుట్టే పద్ధతి ఉంది. మధ్యలో కొన్ని నెలలు పొట్ట మీద మలం పడే సంచీ పెట్టి తర్వాత తీసేస్తారు. క్రోన్స్‌లో చెడిన ముక్క వరకే తీస్తారు, మిగతా పేగుకు జబ్బు మళ్లీ రావచ్చు కాబట్టి మందు ఆగదు. శాశ్వతంగా సంచీ ఉన్నవాళ్లూ పొలం పనులు చేసుకుంటున్నారు, బండి నడుపుతున్నారు, పిల్లల్ని కంటున్నారు. చాలామంది "ముందే చేయించుకోవాల్సింది" అంటారు.

## ఖర్చు

నెలనెలా మందులకే ఇంత అవుతుంటే ఎట్టా?

మెసలమైన్, అజాథయోప్రిన్ జనరిక్‌లో ఉన్నాయా అని డాక్టర్ని అడగండి, జన ఔషధి షాపులోనూ వాకబు చేయండి. నెట్‌వర్క్ ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి ముందే వెళ్లి, ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో కాగితం మీద రాయించుకోండి. బయోలాజిక్స్‌లో మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు, అంటే అసలు మందును పోలిన మందులు, దానికన్నా చవక, టోఫాసిటినిబ్ జనరిక్ ఇంకా చవక. ఆరోగ్య బీమా తీసుకుంటే జబ్బు దాచకండి. ముందే ఉన్న జబ్బులకు ఆగాల్సిన గడువు 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు.

## ఇంట్లోవాళ్లకు

మా కోడలికి ఈ జబ్బు. మేం ఏం చేయాలి?

"ఇంకా తగ్గలేదా?" అని రోజూ అడగకండి. ఆమె తింటున్నప్పుడు కంచం వైపు చూస్తూ లెక్కపెట్టకండి. అలసటగా ఉందంటే నమ్మండి, రక్తం పోయిన ఒంటికి వచ్చే అలసట నిద్రతో తీరేది కాదు. నడివేసవిలో ట్యాంకు ఖాళీ అయ్యే వేళల్లో ఒక బకెట్ నీళ్లు బాత్రూమ్‌లో ఎప్పుడూ నింపి ఉంచండి.

మా అత్తమ్మ పెద్దగా చదువుకోలేదు. కొలైటిస్ అన్న మాట ఇప్పటికీ నోరు తిరగదు. ఏ పెళ్లికి వెళ్లినా మండపంలోకి అడుగుపెట్టగానే తనే ముందు లోపలికి వెళ్తుంది. కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుని, "వంటగది వెనకాల, ఎడమచేతి పక్క. నీళ్లొస్తున్నాయి, గడియ కూడా పడుతోంది" అని నా చెవిలో చెబుతుంది.